కుట్లేసే ముందర ఒగసారి చూడమ్మా

మూత్రం సంగతి నలుగురిలో ఎత్తితే మా ధర్మవరం ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. నేను ఆ సంగతే రాస్తున్నాను, అదీ నా పేరు పెట్టుకుని మరీ. పద్మావతి అంటారు నన్ను. వయసు నలభై నాలుగు. నేనూ మా ఆయన నాగరాజూ ఇంట్లోనే రెండు మగ్గాల మీద పట్టుచీరలు నేస్తాం. చదవడానికి ఇబ్బందిగా ఉంటే కాస్త ఓర్చుకోండి. ఇబ్బంది అనుకుని అందరం నోరు మూసుకున్నందుకే మా ఓబుళమ్మ చిన్నమ్మ ఇరవై రెండేళ్ళు గోనెసంచి మీద కూర్చుంది.

ముందు ఆమె సంగతి చెప్పాలి. ఓబుళమ్మ చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. ముదిగుబ్బ పక్క పల్లెలో ఆమెకు వేరుశనగ చేను, కొన్ని గొర్రెలు ఉన్నాయి. నా పెళ్ళికి మూడు నెలల ముందు ఆమెకు ఎక్కడో గర్భసంచి తీశారు. ఇంటికొచ్చిన వారానికి మూత్రం తనకు తెలియకుండానే కారడం మొదలైంది. రాత్రీ పగలూ ఆగలేదు. "గర్భసంచి తీసినోళ్ళకు అంతేలేమ్మా" అని ఊళ్ళో ఎవరో పెద్దామె అన్నదట. చిన్నమ్మ నమ్మింది. మేమందరమూ నమ్మాం. నా పెళ్ళికి వచ్చి పందిట్లోకి రాకుండా గేటు దగ్గర నిలబడే అక్షింతలు వేసింది. ఎవరింటికి వెళ్ళినా మడిచిన గోనెసంచి ఒకటి చంకలో పెట్టుకుని వెళ్ళి, గడప అవతల అది పరుచుకుని కూర్చునేది. ముదిగుబ్బ నుంచి ధర్మవరం దాకా బస్సులో నిలబడే వచ్చేది. ఎవరైనా సీటు చూపిస్తే "కాళ్ళు పట్టుకున్యాయి నాయనా, నిలబడితేనే బాగుంటాది" అని నవ్వేది. ఆ నవ్వు చూసి మేమూ నవ్వేవాళ్ళం. మాకు బుద్ధి లేదు.

నా కథ నిరుడు దసరా దాటాక మొదలైంది. నెలకు ఇరవై రోజులు రక్తం పోయేది. గుంత మగ్గంలో కాళ్ళు దించి కూర్చుంటే లేవడానికి కళ్ళు తిరిగేవి. అనంతపురంలో డాక్టరమ్మ పరీక్షలు చేసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలి అంది. నేను సరేనని తల ఊపి ఇంటికొచ్చి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. మా ఆయన అడిగితే పండగ అన్నాను, పెళ్ళిళ్ళ కాలం అన్నాను, చేతిలో చీర ఉందన్నాను. అసలు సంగతి గోనెసంచి. పట్టు మీద ఒక్క చుక్క పడితే ఆ మరక పోదు. కారే మనిషిని మగ్గం మీద ఎవరు కూర్చోబెడతారు? నాకు ఏడేళ్ళప్పుడు మా నాయన మగ్గం దగ్గర కూర్చోబెట్టాడు. అది లేకపోతే నేనెవరో నాకే తెలియదు. చావుకంటే ఆ భయమే ఎక్కువగా ఉండేది.

మాఘం వచ్చేసరికి నా ముఖం సున్నం కొట్టిన గోడలాగా అయింది. మా ఆయన ఒకరోజు మగ్గానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు వస్తావా, నేను ఎత్తుకోని పోవల్లా?"

"ఎత్తుకుంటే నీ నడుము పోతాది" అన్నాను. కానీ లేచాను.

ఆసుపత్రి హాల్లో మూడు గంటలు కూర్చున్నాం. గోడకు ఆనించిన కుర్చీలు, ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లు పెట్టుకున్న ఆడవాళ్ళు, తిరిగీ తిరగని ఫ్యాను. నా పక్కన బుక్కరాయసముద్రం నుంచి వచ్చిన ఒకామె టిఫిన్ డబ్బా తెరిచి బొరుగుల ఉగ్గాని మూతలోకి సగం వేసి నాకిచ్చింది. పేరడగలేదు, కులమడగలేదు. తింటూ తింటూ నేను ఆమెకు చిన్నమ్మ సంగతంతా చెప్పేశాను. సొంత మొగుడికి చెప్పని భయం ముక్కూ మొహం తెలియని మనిషికి ఎట్లా చెప్పానో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆమె చేయి కడుక్కుని వచ్చి, "ఇంత కత నాకు చెప్పేదెందుకు? లోపల ఆయమ్మకు చెప్పు. అడిగితే కొడ్తాదా?" అంది.

అడిగాను. "అమ్మా, మా చిన్నమ్మకు గర్భసంచి తీసినంక మూత్రం కారబట్టె. నాకూ అట్లే అయితాదా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "గర్భసంచికీ మూత్రసంచికీ మధ్య గోడలాంటిదేమీ ఉండదు పద్మావతీ, రెండూ ఆనుకునే ఉంటాయి. మీకు రెండు కాన్పులూ ఆపరేషన్లే. లోపల ఇంకా గట్టిగా అతుక్కుని ఉంటాయి. విడదీసేటప్పుడు చిరుగు పడొచ్చు. పడదని నేను మాట ఇవ్వలేను."

మా ఆయన చేతిలోని కవరు జారి కింద పడింది. నాకు మాత్రం ఎందుకో కొంచెం ధైర్యం వచ్చింది. ఏమీ కాదులే అని బుజ్జగించేవాళ్ళను నేను నమ్మను. పని తెలిసినవాడు పనిలో ఉన్న కష్టం ముందే చెప్తాడు. అందుకే మా ఇంటి పద్ధతి ఆమెకు చెప్పాను. చీర పూర్తయ్యాక మగ్గం మీదనుంచి కోసే ముందు, మా నాయన కింద బల్బు పెట్టి, పైనుంచి జానెడు జానెడుగా చూసేవాడు. ఎక్కడైనా పోగు తెగి ఉంటే వెలుతురు పైకి పొడుచుకొస్తుంది. మగ్గం మీద ఉన్నంతసేపూ ఆ తప్పు దిద్దుకోవచ్చు. కోసి మడత పెట్టేశాక అది లోపం చీరే. దీపం చూపించనిదే కత్తెర పట్టొద్దని నాయన మాట.

"నువ్వు గూడ కుట్లేసే ముందర ఒగసారి అట్ల చూడమ్మా" అన్నాను.

మా ఆయన నా మోచేయి గిల్లాడు, డాక్టరుకు పని నేర్పిస్తావా అన్నట్టు. ఆమె నవ్వింది. "మాకూ అదే పద్ధతి ఉంది. మీకు బల్బు, మాకు నీలం మందు. మూత్రసంచిలోకి నీలం నీళ్ళు ఎక్కిస్తాం. చిరుగుంటే తెల్లబట్ట మీద నీలం కనపడుతుంది. చూడకుండా మీకు కుట్లు వేయను, సరేనా?"

ఆ మాట మీదనే నేను సంతకం పెట్టాను.

ఆపరేషన్ రోజు నడుముకు సూది వేశారు. నడుము కింద ఒళ్ళు నాది కాకుండా పోయింది, పైన మాత్రం తెలివిగా ఉన్నాను. ఎదురుగా పచ్చబట్ట అడ్డం కట్టారు. సలీమా అనే సిస్టర్ నా తల దగ్గర నిలబడి చేయి పట్టుకుంది. "ఏం నేస్తావక్కా? నా నిఖాకు ఎంతలో ఇస్తావు?" అని కబుర్లు చెప్పింది. బట్టకు అవతల డాక్టరమ్మ మామూలుగా మాట్లాడుతూ ఉంది, కాసేపటికి మాటలు తగ్గాయి. ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. మగ్గం చప్పుడు ఆగితే పక్కింటివాళ్ళకు కూడా తెలుస్తుంది ఏదో తెగిందని. నాకూ అట్లాగే తెలిసింది.

"చాలా అతుక్కుంది" అన్న మాట వినపడింది. చాలాసేపటి తర్వాత, "గర్భసంచి వచ్చేసింది. నీలం ఎక్కించండి." ఇంకొంచెం సేపటికి, "ఆగండి. ఆ బట్ట చూడండి. ఇక్కడ."

 కళ్ళ ముందు చిన్నమ్మ కూడా కాదు, ఆ మడిచిన గోనెసంచి కనపడింది. అయిపోయింది పద్మా అనుకున్నాను. సలీమా సిస్టర్ చేయిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే మర్నాడు ఆమె గాజుల గీతలు నా అరచేతిలో ఉన్నాయి.

పచ్చబట్ట మీదుగా డాక్టరమ్మ తల కనపడింది. ముక్కుకు మాస్కు, కళ్ళు మాత్రమే తెలుస్తున్నాయి. "పద్మావతీ, వినపడుతోందా? మూత్రసంచికి చిరుగు పడింది. నా చేతిలోనే పడింది. కనపడింది కాబట్టి ఇప్పుడే కుట్టేస్తాను. కుట్టాక మళ్ళీ నీలం ఎక్కించి చూస్తాను."

"మగ్గం మీద కూచుంటానా అమ్మా?"

"మేం చెప్పినట్టు వింటే కూర్చుంటారు."

ఆ తర్వాత ఎంతసేపు పట్టిందో తెలియదు. కుట్టడం నాకు తెలియలేదు, ఎదురుచూడటం మాత్రం తెలిసింది. మళ్ళీ నీలం అన్న మాట, మళ్ళీ ఎవరూ మాట్లాడని ఆ కాసేపు. మా ఊరి దేవుళ్ళందరినీ మొక్కాను, సలీమా సిస్టర్ తన దేవుణ్ణి మొక్కినట్టుంది, పెదవులు కదులుతున్నాయి. అప్పుడు అవతల నుంచి ఒక గొంతు వచ్చింది. "బట్ట తెల్లగా ఉంది మేడం." నేను ఏడ్చాను. సిస్టర్ దూదితో నా కళ్ళు తుడిచింది.

మర్నాడు పొద్దున ఇంకో తమాషా. ముందురోజే డాక్టరమ్మ బయటికి వచ్చి దాపరికం లేకుండా మా ఆయనకు అంతా చెప్పింది. ఆయన భయంలో సగమే విని వాళ్ళ అన్నకు ఫోన్ చేశాడు. మా బావ మంచివాడే కానీ, కోపం వస్తే వెనకా ముందూ చూడడు. నలుగురిని జీపులో వేసుకుని వార్డులోకి దిగాడు.

"యాడ ఉండాది ఆ డాక్టరు? మూత్రసంచి కోసేసిందంట కదప్పా! ఈ పొద్దు తేల్చుకోని పోతాం!"

అట్లా అరుస్తూ మంచం పక్కకు వచ్చి, నాకు తగిలించిన యూరిన్ సంచీ చూసి ఆగిపోయాడు. నీలం మందు ఇంకా పోతూ ఉంది. "ఇదేందప్పా, ఇంకు మాదిరి ఉండాది!" అన్నాడు. పక్క మంచం ముసలమ్మ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. కుట్లు లాగుతాయని నేను నవ్వును పంటి కింద అణుచుకున్నాను.

"బావా, ఈడ కూచో" అన్నాను. "నీ మగ్గం మీద పోగు ఎప్పుడూ తెగలేదా?"

"అదీ ఇదీ ఒగటేనా?"

"ఆయమ్మ ముందే చెప్పింది, తెగొచ్చునని. తెగింది. వెతికి పట్టుకొని అతికించింది. అతికించి మళ్ళా చూసింది. చూసి నాకు చెప్పింది, నీ తమ్మునికి చెప్పింది. తెగిందాన్ని చూడకుండా మడత పెట్టి షావుకారుకు ఇచ్చినోళ్ళను తిట్టు, నేనూ నీతో వచ్చి తిడతా."

బావ తల దించుకున్నాడు. కారణం ఉంది. ఒక శ్రావణంలో పెళ్ళివాళ్ళు తొందర పెడుతున్నారని బల్బు పెట్టకుండానే చీర కోసేశాడు. కొంగులో బెత్తెడు పొడుగున పోగు లేదు. షావుకారు చీర విసిరి కొట్టాడు. అది ఇప్పటికీ మా తోడికోడలి పెట్టెలో ఉంది, కోపం వచ్చినప్పుడల్లా ఆమె బయటికి తీసి చూపిస్తుంది.

"సర్లే" అన్నాడు బావ. ఆ నలుగురినీ పంపించి, ఒక గెల ఎళనీరు, అదే కొబ్బరిబొండాలు, కొనుక్కొచ్చి వార్డంతా పంచాడు. డాక్టరమ్మ గదిలోకి మాత్రం పోలేక, సలీమా సిస్టర్ చేతికి రెండు కాయలిచ్చి "ఆయమ్మకు ఇయ్యి తల్లీ" అన్నాడు.

ఆరో రోజు పైపుతో, సంచీతో ఇంటికి పంపించారు. మూత్రసంచి కుట్లు మానేదాకా అది నిండకూడదు, పైపు గుండా పోతూనే ఉండాలి, నీళ్ళు బాగా తాగాలి అని పదిసార్లు చెప్పారు. ఇక్కడే నేను తప్పు చేశాను. తప్పులో సగం మా అత్తది, సగం నాది.

మా పక్క పథ్యం సంగతి తెలుసు కదా. బాలింతకైనా, కోత పడిన మనిషికైనా నీళ్ళు కొలిచి పోస్తారు. "పచ్చి పుండు. నీళ్ళు తాగితే చీము పడతాది" అని అత్త పొద్దున ఒక లోటా, సాయంత్రం ఒక లోటా ఇచ్చేది. వాళ్ళ అత్త ఆమెకు అట్లాగే చేసింది. నేను ఎదురు చెప్పొచ్చు. చెప్పలేదు. సంచీ నిండితే మా ఆయన ఖాళీ చేయాలి, అది నాకు చచ్చేంత సిగ్గు. నీళ్ళు తగ్గితే సంచీ తగ్గుతుంది కదా అని లోపల సంతోషించాను కూడా. ఊళ్ళో బోర్లు ఎండితే ఏడుస్తాం, ఒంట్లో బోరు మాత్రం నేనే ఎండబెట్టుకున్నాను.

ఇంటికొచ్చిన మూడో రోజు సంచీలో చుక్క పడలేదు. పొత్తికడుపు రాయిలాగా అయింది. నొప్పి అంటే పురిటి నొప్పులు నయం. మా ఆయన సంచీ చూసి, నా ముఖం చూసి, వీధిలోకి పరిగెత్తాడు. బావ జీపు వచ్చింది, అత్త కూడా ఎక్కి కూర్చుంది. ధర్మవరం నుంచి అనంతపురం దాకా ప్రతి గుంతకూ నేను అరిచాను, ప్రతి అరుపుకూ బావ "అయిపాయ తల్లీ, వచ్చేస్తిమి" అన్నాడు. కుట్లు పిగిలిపోయి ఉంటాయి, చేతికొచ్చిన చీరను నేనే చింపుకున్నాను అనుకున్నాను.

సలీమా సిస్టర్ పైపులో అడ్డుపడిన నెత్తురు గడ్డ తీసింది. సంచీలోకి టీ డికాషన్ రంగు ధార పడింది. ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ వచ్చి మొత్తం చూసి, ఊపిరి వదిలి, అప్పుడు మొదలుపెట్టింది తిట్టడం.

"కుట్టడం నా వంతు. నిలబెట్టుకోవడం మీ వంతు. నీళ్ళు ఎందుకు తాగలేదు?"

నేను మా ఆయన వైపు చూశాను. మా అత్త గోడ పక్క నుంచి ముందుకు వచ్చింది. "నేనే అమ్మా, నేనే పోయలేదు. చీము పడతాదని. ముసల్దాన్ని, తెలీక నా కోడలిని నేనే సంపుకుంటి కదమ్మా" అని చెంపలు వేసుకుంది. ఎన్నడూ ఎవరి ముందూ తగ్గని మనిషి మా అత్త. నాకు ఆమె మీద కోపం అక్కడికక్కడే పోయింది.

"కుట్లు బాగానే ఉన్నాయి" అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి. "ఇక నుంచి పొయ్యండి."

పోసింది చూడండి! చెంబు పట్టుకుని నా మంచం పక్కనే మకాం పెట్టింది. నేను కన్ను తెరిస్తే చెంబు, మూస్తే చెంబు. "తాగు. డాక్టరమ్మ నన్ను అడుగుతాది" అనేది. సంచీ ఖాళీ చేసే పని కూడా మా ఆయన చేతిలోనుంచి తానే లాక్కుంది. సిగ్గుతో నేను ముఖం తిప్పుకుంటే, "నీ మొగుని గుడ్డలు ఉతికిన చేతులే ఇవి, గమ్మునుండు" అంది.

పద్నాలుగో రోజుకు మళ్ళీ అనంతపురం. మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు, ఎక్కడా బయటికి రాలేదన్నారు. పైపు తీసేశారు. నీళ్ళు తాగి, వార్డులో కాసేపు అటూ ఇటూ నడిచి, కూర్చోమన్నారు. అత్త ఇంటినుంచి తెచ్చిన తెల్ల పంచె మడిచి కుర్చీ మీద వేసింది. దాని మీద కూర్చున్నాను. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి బయట ఏమీ లేని రోడ్డు చూస్తున్నాడు. దగ్గాను. డాక్టరమ్మ గట్టిగా దగ్గమంది, ఇంకా దగ్గాను. గంట గడిచింది. తర్వాత, ఇంతమంది ముందు రాయడానికి నాకు ఏ మొహమాటమూ లేదు, నాకు మూత్రం వస్తున్నట్టు తెలిసింది. తెలిసింది! నడిచి బాత్రూముకు వెళ్ళి, మామూలు మనిషిలాగా పోసుకుని వచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి అత్త ఆ తెల్ల పంచె రెండు చేతులతో కిటికీ వెలుతురుకు పట్టి, జానెడు జానెడుగా చూస్తోంది. చివరిదాకా చూసి మడత పెట్టింది.

"పొడిగా ఉండాది" అంది.

మా ఆయన అప్పుడు ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఉగాది వెళ్ళిన వారానికి డాక్టరమ్మ అనుమతి తీసుకుని మగ్గంలో కాళ్ళు దించాను. కానీ నా పని ఇంకా అయిపోలేదు. ముదిగుబ్బ వెళ్ళి, గడప అవతల గోనెసంచి మీద కూర్చున్న చిన్నమ్మ పక్కన నేనూ నేల మీద కూర్చున్నాను. "చిన్నమ్మా, నీది తలరాత కాదు, చిరుగు. నాకూ పడింది. నాది కనపడింది, నీది చూడలేదు" అన్నాను.

ఆమె గోనెసంచి అంచున లేచిన పోగును పీకింది. "ఇరవై రెండేండ్లు పాయ పాపా. ఇప్పుడు ఏం కుడతారు, ఎండిపోయిన చేను" అంది.

"అడుగుదాం. అడిగితే కొడ్తాదా?"

అదే డాక్టరమ్మ అదే నీలం మందుతో చూసింది. తెల్లబట్ట నీలమైంది. అది చూసి నాకు భయం వేయాలి, సంతోషం వేసింది. కనపడితే కుట్టొచ్చని నాకు తెలుసు. ఇట్లాంటివి కుట్టే పెద్ద డాక్టరు దగ్గరికి పంపించారు. పాత చిరుగు కాబట్టి నాకంటే కష్టమే పడింది, పైపు నాకంటే ఎక్కువ రోజులే ఉంది. ఆ రోజులన్నీ ఆమె మంచం పక్కన చెంబు పట్టుకుని కూర్చున్నది ఎవరనుకుంటున్నారు? మా అత్త. "నా కోడలికి నేను చేసిన తప్పు ఈడ దిద్దుకుంటా" అని ఎవరి మాటా వినకుండా వెళ్ళింది.

ఆపరేషన్‌కు పోయే అక్కలూ, చెల్లెళ్ళూ, మీకు చెప్పాలనుకున్నది ఇంతే. కుట్టే ముందు ఎట్లా చూస్తారని అడగండి. మంచి డాక్టరుకు ఆ మాట నొప్పి కలిగించదు. ఇంటికొచ్చాక కారుతుంటే దాచుకోకండి, మర్నాడే వెళ్ళండి. నీళ్ళు ఎంత తాగాలో మిమ్మల్ని కోసినవాళ్ళనే అడగండి, పక్కింటివాళ్ళను కాదు.

మొన్న శ్రావణంలో మా చిన్న కూతురికి చీర పెడుతున్నామని చిన్నమ్మను రమ్మన్నాం. తీసుకురావడానికి బావ జీపు పంపుతానంటే వద్దంది. బస్టాండులో నేను ఎదురుచూస్తూ ఉన్నాను. బస్సు ఆగింది, దిగేవాళ్ళంతా దిగారు, చిన్నమ్మ కనపడలేదు.  చివరిగా, తొందరేమీ లేకుండా దిగింది. చంకలో గోనెసంచి లేదు.

"ఇంత ఆలస్యమేంది చిన్నమ్మా? దిగలేకపోతివా?"

"దిగాలనిపించలేదు పాపా" అంది. "ముదిగుబ్బ నుంచి ఈడిదంకా సీట్లో కూచోని వచ్చినా."